కరెంటుకు రెండో బిల్లు

బిడ్డా, కరెంటుకు రెండు బిల్లులుంటాయి. ఒకటి మన ఇంటికి వస్తుంది, మీ నాన్న ఫోన్లోనే కట్టేస్తాడు. రెండోది మన గడప తొక్కదు. అది ఎవరి పొలం మీదో, ఎవరి ఊపిరితిత్తుల మీదో, ఏ పిట్ట ప్రాణం మీదో పడుతుంది. "గాలిమరలు పిట్టల్ని చంపుతాయట గదా తాతా, మరి వాటిని మంచివని ఎందుకంటారు?" అని అడిగావు చూడు, ఆ ప్రశ్న ఈ రెండో బిల్లు గురించే. అవునని ఒక్క ముక్కలో తేల్చేస్తే గాలికి అన్యాయం, కాదని తేల్చేస్తే పిట్టలకు అన్యాయం. అన్ని రకాల కరెంటు బిల్లులూ పక్కపక్కన పరిచి చూడాలి. అందుకోసం ఎక్కడెక్కడో తిరగక్కర్లేదు. మన పల్సానా చౌరస్తా చాలు.

మన చౌరస్తాలో రెండు పెద్ద రోడ్లు కలుస్తాయి. ఒకటి ముంబయి, అహ్మదాబాద్‌ల మధ్య నడిచే 48వ నంబరు జాతీయ రహదారి. రెండోది హజీరా రేవు దగ్గర మొదలై తూర్పుకు పోయే 53వ నంబరు రహదారి. ఈ రెండోదాని మీద పడమటికి పోతే సూరత్, హజీరా వస్తాయి. తూర్పుకు పోతే బార్డోలి, వ్యారా, సోన్‌గఢ్ వస్తాయి. దేశంలో కరెంటు పుట్టించే పద్ధతులు దాదాపు అన్నీ ఈ ఒక్క రోడ్డుకు అటూ ఇటూ కనబడతాయి. పడమటి వైపు గ్యాసు. తూర్పున అణుశక్తి, ఆ తరవాత నీళ్ళు, వాటి పక్కనే బొగ్గు. దారి పొడుగునా చెరకు తోటలు, చక్కెర ఫ్యాక్టరీలు, వాటి బాయిలర్లలో మండే చెరకు పిప్పి. గాలిమరలే మనకు దగ్గర్లో లేవు. గుజరాత్‌లో గాలి బలమంతా సౌరాష్ట్రలోనూ కచ్‌లోనూ ఉంది, అక్కడి కరెంటు తీగల మీద మనదాకా వస్తుంది.

ముందు బొగ్గు సంగతి చూద్దాం. మిగతా అన్నిటినీ కొలవాల్సింది దానితోనే.

సోన్‌గఢ్ దాటగానే ఉకాయి థర్మల్ స్టేషన్. 1976లో మొదలైంది. పాత యూనిట్లు రెండు మూతబడ్డాక ఇప్పుడు 1,110 మెగావాట్లు. మన దేశపు బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. ఆ లెక్కన ఈ స్టేషన్ నిండుగా నడిస్తే గంటకు ఏడెనిమిది వందల టన్నులు. మన బొగ్గులో నూటికి 30 నుంచి 40 పాళ్ళు బూడిదే. అంటే మన ఇంట్లో ఫ్యాను ఒక యూనిట్ తాగితే, ఎక్కడో పావు కిలో బూడిద కుప్పలో పడుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు, ఇటుక బట్టీలు కొంత తీసుకుపోతాయి. మిగిలింది నీళ్ళలో కలిపి చెరువుల్లాంటి గుంటల్లోకి పంపుతారు. ఎండాకాలం అది ఎండి లేస్తే చుట్టుపక్కల పల్లెల్లో ఆరేసిన బట్టల మీద, పశువుల మేత మీద పడుతుంది.

ఇక నీళ్ళు. పాత థర్మల్ స్టేషన్లు యూనిట్‌కు మూడున్నర లీటర్లకు మించి వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2015లో నియమం పెట్టింది. హద్దే అంత ఉందంటే వాడకం ఎంతుందో చూడు. కంటికి కనబడని ఖర్చు ఇంకా పెద్దది. గని తవ్వినప్పటి నుంచి గొట్టంలోంచి పొగ వచ్చేదాకా మొత్తం కలిపితే బొగ్గు కరెంటు యూనిట్‌కు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పడుతుందని 2014లో అంతర్జాతీయ వాతావరణ శాస్త్రవేత్తల సంఘం, అదే ఐపీసీసీ, లెక్క తేల్చింది. అదే సంఘం గ్యాసుకు 490, పెద్ద సోలార్ పార్కులకు 48, జలవిద్యుత్తుకు 24, అణువిద్యుత్తుకు 12, నేల మీది గాలిమరలకు 11 గ్రాములని చెప్పింది. ఇవి మధ్యస్థపు విలువలు, చోటును బట్టి అటూ ఇటూ అవుతాయి. ఎంత అటూ ఇటూ అయినా 820కీ 11కీ ఉన్న దూరం చెరిగేది కాదు.

మనుషుల ప్రాణాల లెక్క కూడా కట్టారు. గని ప్రమాదాలు, పొగ వల్ల వచ్చే జబ్బులు అన్నీ కలిపి, ఒక టెరావాట్ అవర్‌కు, అంటే మన లెక్కలో 100 కోట్ల యూనిట్లకు, ఎందరు పోతున్నారని 'అవర్ వరల్డ్ ఇన్ డేటా' వాళ్ళు పట్టిక వేశారు. బొగ్గుకు 24.6 మంది. గ్యాసుకు 2.8. జలవిద్యుత్తుకు 1.3. గాలికి 0.04. అణుశక్తికి 0.03. బొగ్గు ఖాతాలో ఉన్నవాళ్ళు చాలామంది పొగ పీల్చి నెమ్మదిగా పోయినవాళ్ళు. వాళ్ళ మరణ పత్రంలో బొగ్గు పేరు ఎక్కడా ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. గాలిమర కింద ఒక గద్ద చచ్చిపడితే ఫొటో తీయొచ్చు. పొగ వల్ల పోయిన మనిషిని ఫొటో తీసి ఇదిగో అని చూపించలేం.

థర్మల్ స్టేషన్ పక్కనే ఉకాయి ఆనకట్ట. తాపీ నది మీద 1972లో పూర్తయింది. కరెంటు 300 మెగావాట్లు. పొగ లేదు, బూడిద లేదు. బార్డోలి, పల్సానా చెరకు ఇంత పచ్చగా ఉందంటే ఆ జలాశయం పుణ్యమే. కానీ దాని రెండో బిల్లు మొదటి రోజునే కొందరి మీద పడింది. దాదాపు 170 పల్లెలు నీళ్ళలో మునిగాయి. ఎక్కువమంది ఆదివాసీలు. వాళ్ళ మనవలు కొందరు ఈవేళ మన చుట్టుపక్కల చెరకు కోతకు వస్తున్నారు. మునిగిన అడవి కుళ్ళి మీథేన్ పైకి రావడం ఇంకో ఖర్చు. ఇక 2006 ఆగస్టు మాట సూరత్‌లో ఉన్న మన తెలుగువాళ్ళను ఎవరిని అడిగినా చెబుతారు. ఎగువన కుండపోత, జలాశయం నిండిపోయింది. ఒక దశలో తొమ్మిది లక్షల క్యూసెక్కుల దాకా కిందికి వదిలారు. ఊరిలో ముప్పావు భాగం నీళ్ళలో ఉంది. సాంచెల (పవర్‌లూమ్‌ల) షెడ్లలో మోటార్లు, బీములు, గ్రే గుడ్డ తానులు బురదలో కూరుకుపోయాయి. ఆనకట్ట లేకపోతే వరదలు రావని కాదు, తాపీకి అంతకుముందూ వరదలు వచ్చేవి. కాకపోతే వాన కాలంలో జలాశయాన్ని కరెంటు కోసం, సాగు కోసం నింపాలా, వరద కోసం ఖాళీగా ఉంచాలా అనే తగువు ప్రతి ఆనకట్టకూ ఉంటుంది. ఆ తగువులో తప్పటడుగు పడితే కిందనున్న ఊరు కడుతుంది ఆ బిల్లు.

వ్యారా దగ్గర కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రం. 1993లో మొదటి రియాక్టర్ వాణిజ్యపరంగా నడక మొదలుపెట్టింది. ఇప్పుడు 220 మెగావాట్లవి రెండు, 700 మెగావాట్లవి రెండు. ఈ 700 మెగావాట్ల రకం మన దేశంలో మనవాళ్ళే రూపొందించి కట్టినది, మొదటిది ఇక్కడే 2023లో వాణిజ్యపరంగా పని మొదలుపెట్టింది. నిజాయితీగా చెప్పాలంటే పొగ, బూడిద, నేల లెక్కల్లో అణుశక్తి గాలికి సమానంగా నిలబడుతుంది. దాని బిల్లు వేరే రకం. వాడేసిన ఇంధనాన్ని వేల ఏళ్ళు కాపాడాలి. ఏదైనా తేడా వస్తే మాట పెద్దదవుతుంది. 2016 మార్చిలో కాక్రాపార్ మొదటి యూనిట్‌లో భారజలం లీకయింది. రియాక్టర్ ఆగింది, బయటి జనానికి హాని జరగలేదని అధికారులు చెప్పారు, లోపలి గొట్టాలన్నీ మార్చి 2019లో మళ్ళీ నడిపారు. మూడేళ్ళు పట్టింది. ఒక గాలిమర చెడిపోతే ఆ ఒక్కటే ఆగుతుంది, పక్కది తిరుగుతూనే ఉంటుంది.

గ్యాసు గురించి పెద్దగా చెప్పను. సూరత్‌లో తాపీ ఒడ్డున ఉత్రాణ్ స్టేషన్ ఉంది. అక్కడి 85 మీటర్ల పాత కూలింగ్ టవర్‌ను 2023 మార్చి 21న కొన్ని సెకన్లలో కూల్చేశారు, ఆ వీడియో నువ్వూ చూసే ఉంటావు. గ్యాసుకు బూడిద ఉండదు, పొగ బొగ్గులో సగం కంటే కాస్త ఎక్కువ. దారిలో లీకయ్యే మీథేన్ మాత్రం వాతావరణాన్ని బాగా వేడెక్కిస్తుంది.

ఇక గాలి. గాలిమరలతో మన సూరత్‌కు పాత చుట్టరికం ఉంది. తుల్సీ తంతి అని రాజ్‌కోట్ మనిషి, సూరత్‌లో బట్టల వ్యాపారం పెట్టాడు. కరెంటు ఖర్చు లాభాన్నంతా మింగేస్తోంది, పైగా ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మన సాంచెలవాళ్ళు రోజూ పడే బాధే. ఆయన 1990లో రెండు గాలిమరలు కొని ఆ కరెంటుతో మిల్లు ఖర్చు తగ్గించుకున్నాడు. కొన్నాక గాలిమరల మీదే మనసు పోయింది. 1995లో సుజ్లాన్ కంపెనీ పెట్టాడు, తరవాత బట్టల వ్యాపారం వదిలేశాడు. ఆ కంపెనీ గాలిమరలు ఇప్పుడు పదిహేడు దేశాల్లో తిరుగుతున్నాయి, మన అనంతపురం జిల్లాలో రెక్కలు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా ఉంది. 2022 అక్టోబరు 1న ఆయన పోయాడు. ప్రపంచమంతా గాలి కరెంటు గురించి చెప్పుకునే పుస్తకాల్లో డెన్మార్క్ రైతుల పేర్లుంటాయి. నా దృష్టిలో సూరత్ మిల్లు కరెంటు బిల్లుకూ అందులో ఒక పేజీ దక్కాలి.

గాలిమర ఎట్లా పనిచేస్తుందో నీకు తెలుసు, గాలి రెక్కను తోస్తుంది, రెక్క ఇరుసును తిప్పుతుంది, ఇరుసు జనరేటరును తిప్పుతుంది. తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. గాలి వేగం రెట్టింపైతే కరెంటు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. గాలిలోని శక్తి వేగం ఘనానికి అనుపాతం. అందుకే గాలిమరలను కొండల నెత్తిన, సముద్రం ఒడ్డున, ఎక్కడ గాలి కాస్త ఎక్కువుంటే అక్కడికి ఎగబడి పెడతారు. కొండ మీద గాలి ఐదో వంతు ఎక్కువుంటే కరెంటు ముప్పావు వంతు దాకా పెరుగుతుంది. ఈ లెక్క గుర్తుపెట్టుకో. గాలిమరల రెండో బిల్లు ఎక్కడ పడుతుందో ఇదే నిర్ణయిస్తుంది.

120 మీటర్ల చక్రం ఉన్న 2.1 మెగావాట్ల గాలిమర ఒకటి తీసుకుందాం. మన దేశపు గాలికి అది ఏడాదికి సుమారు 50 లక్షల యూనిట్లు ఇస్తుంది. అంత కరెంటు బొగ్గుతో తీయాలంటే 3,500 టన్నులు కాలాలి, సుమారు 4,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవాలి, యూనిట్‌కు మూడున్నర లీటర్ల లెక్కన ఒకటి ముప్పావు కోటి లీటర్ల నీళ్ళు కావాలి. గాలిమరకు నీళ్ళతో పనే లేదు. దాని స్తంభం ఉక్కు, పునాది కాంక్రీటు, రెక్కలు గాజునార కలిపిన ప్లాస్టిక్. వీటిని తయారుచేయడానికి పట్టిన శక్తిని అది ఏడాదిలోపే తిరిగి ఇచ్చేస్తుంది. ఆపైన ఇరవై ఏళ్ళకు పైగా నడుస్తుంది.

ఇప్పుడు నీ పిట్టల దగ్గరికి వద్దాం. ముందు నిజం ఒప్పుకోవాలి, చంపుతాయి. దూరం నుంచి చూస్తే చక్రం బద్ధకంగా తిరుగుతున్నట్టుంటుంది, నిమిషానికి పన్నెండు పదమూడు చుట్లు. కానీ రెక్క కొన 60 మీటర్ల దూరంలో ఉంది గదా, ఒక్క చుట్టులో దాదాపు 377 మీటర్లు తిరగాలి. ఆ లెక్క కడితే కొన వేగం గంటకు 290 కిలోమీటర్ల దాకా పోతుంది. గద్దకు నేల మీది ఎలుకను చూసే కన్ను ఉంది, పక్కనుంచి ఆ వేగంతో వచ్చే రెక్కను పసిగట్టే కన్ను లేదు. వేటాడేటప్పుడు చూపంతా కిందికే ఉంటుంది.

ఎన్ని? అమెరికాలో 2013లో లెక్కలు కట్టారు. ఒంటి స్తంభం మీద నిలిచే గాలిమరలు ఏడాదికి లక్షా నలభై వేల నుంచి మూడు లక్షల ఇరవై ఎనిమిది వేల దాకా పక్షుల్ని చంపుతున్నాయని తేలింది. అదే ఏడు అక్కడి పిల్లులు చంపే పక్షుల లెక్కా కట్టారు, 130 కోట్ల నుంచి 400 కోట్లు. ఈ రెండో సంఖ్య చూపించి గాలిమరల కంపెనీలవాళ్ళు నోరు మూయిస్తుంటారు. నాకు ఆ వాదన నచ్చదు. పిల్లి పిచ్చుకను పడుతుంది, పిచ్చుక ఏడాదికి రెండు మూడు సార్లు గుడ్లు పెడుతుంది. గద్దలు, రాబందులు అట్లా కాదు. నెమ్మదిగా పెరుగుతాయి, ఒకటో రెండో గుడ్లు పెడతాయి. వాటిలో ఒక్కటి పోయినా ఆ లోటు పూడడానికి ఏళ్ళు పడుతుంది. ఎన్ని పోయాయన్నదానికంటే ఏవి పోయాయన్నది ముఖ్యం.

మహారాష్ట్రలో సతారా దగ్గర చాళ్కెవాడి అని ఒక పీఠభూమి ఉంది, పడమటి కనుమల నెత్తిన. అక్కడ చాలా ఏళ్ళుగా గాలిమరలున్నాయి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి మారియా ఠాకర్, ఆమె సహచరులు అక్కడికి పోయి, గాలిమరలున్న చోటునూ లేని చోటునూ పోల్చి, 2018లో ఫలితాలు అచ్చువేశారు. గాలిమరలున్న చోట డేగలు, గద్దలు నాలుగో వంతే ఉన్నాయి. అంతవరకు ఊహించేదే. ఆ తరవాతది చూడు. అక్కడ ఒక రకం తొండ ఉంది. మగదాని గొంతు కింద నీలం, నలుపు, నారింజ రంగుల విసనకర్ర ఉంటుంది, జత కోసం దాన్ని విప్పి ఆడిస్తుంది. గద్దలు తగ్గిన చోట ఈ తొండలు బాగా పెరిగాయి. భయం పోయింది. మనిషి దగ్గరికి వచ్చేదాకా పరుగెత్తవు, రక్తంలో భయానికి సంబంధించిన హార్మోను కూడా తగ్గింది. అయితే ఉన్న తిండికి నోళ్ళు ఎక్కువయ్యాయి, ఒళ్ళు చిక్కింది, మగవాటి రంగులు వెలిసిపోయాయి. ఆకాశంలో రెక్క తిరిగితే నేల మీద తొండ గొంతు రంగు మారింది! ప్రకృతిలో ఒక దారం లాగితే ఎక్కడిదాకా కదులుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ తెలియదు. చచ్చిన పక్షుల్ని ఏరి లెక్కపెట్టేవాళ్ళకు ఈ తొండ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంకో పక్షి ఉంది, దాని పేరు తలచుకుంటే దిగులేస్తుంది. బట్టమేక పిట్ట. మగది పన్నెండు, పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఎగిరే పక్షుల్లో మహా బరువైనవాటిలో ఒకటి. దాని కోసమే మన కర్నూలు వైపు రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ దాన్ని చూడడం గగనమైపోయింది. దేశమంతా కలిపి 150కి అటూ ఇటూ మిగిలాయి, చాలావరకు రాజస్థాన్‌లో. మన గుజరాత్‌లో కచ్‌లోని నలియా గడ్డి మైదానాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఆడపక్షులే మిగిలిన కాలం వచ్చింది. ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. కళ్ళు తలకు పక్కల ఉంటాయి, ఎదురుగా ఉన్నది సరిగా కనబడదు, బరువు వల్ల చటుక్కున పక్కకు తిరగలేదు. దీన్ని చంపుతున్నది ఎక్కువగా రెక్కలు కాదు, తీగలు. గాలి కరెంటునూ సోలార్ కరెంటునూ మోసుకొచ్చే హైటెన్షన్ లైన్లు. థార్ ఎడారిలో 4,200 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో ఏడాదికి సుమారు 84 వేల పక్షులు, అన్ని జాతులూ కలిపి, తీగలకు తగిలి చస్తున్నాయని డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది.

ఈ పక్షి కోసం సుప్రీంకోర్టు దాకా పోయారు. కేసు వేసినవాళ్ళలో ముందున్నది ఎం.కె. రంజిత్‌సింహ్, పాత ఐఏఎస్ అధికారి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రాయడంలో చేయి ఉన్నవాడు. 2021 ఏప్రిల్‌లో కోర్టు పక్షులున్న ప్రాంతాల్లో తీగలను నేల కిందికి దించమంది. ప్రభుత్వం, కంపెనీలు అంత దూరం అంత పెద్ద లైన్లను భూమిలో వేయడం కుదరదన్నాయి. 2024 మార్చిలో కోర్టు ఆ తీర్పును సడలించి నిపుణుల సంఘానికి అప్పజెప్పింది. అదే తీర్పులో వాతావరణ మార్పు కీడు నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కని కూడా చెప్పింది. పిట్ట వైపు న్యాయం ఉంది, కరెంటు వైపు న్యాయం ఉంది. నన్నడిగితే, గడ్డి మైదానం పోతే పిట్ట మళ్ళీ రాదు, లైను మాత్రం ఇంకో దారిన పోగలదు.

గాలి వేగం లెక్క గుర్తుపెట్టుకోమన్నాను గదా, ఎందుకో ఇప్పుడు చెబుతా. గాలి కొండల మీద ఎక్కువ కాబట్టి గాలిమరలూ కొండలెక్కుతాయి. ఆ కొండలు కాగితాల మీద బంజరు. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం చుట్టూ కల్పవల్లి అని ఒక అడవి ఉంది. ఒకప్పుడు బోడికొండలు. తింబక్తు కలెక్టివ్ అనే సంస్థ అండతో పల్లెలవాళ్ళు ఏళ్ళ తరబడి కాపలా కాసి, నిప్పు పడకుండా చూసి, చెట్టూ గడ్డీ తిరిగి మొలిపించారు. దాంతో మేకలకు మేత, పొరక గడ్డి, ఈత ఆకు, వాగుల్లో నీళ్ళు వచ్చాయి. ఆ గుట్టల మీదికి 2010 ప్రాంతాల్లో గాలిమరలు వచ్చాయి. ఒక్కో రెక్క లారీ కంటే పొడుగు, దాన్ని పైకి ఎక్కించాలంటే వెడల్పాటి రోడ్డు కావాలి, మలుపులు తిన్నగా ఉండాలి. గుట్టల పక్కలు కోశారు, నెత్తులు చదును చేశారు. తవ్విన మట్టి వానకు జారి వాగుల్లోకి, చెరువుల్లోకి దిగింది. కాపుకాసిన ఊళ్ళవాళ్ళ చేతిలో పట్టా లేదు, రికార్డుల్లో అది రెవెన్యూ బంజరు. కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది.

ఇక్కడ ఒక సంగతి నాకు ఎప్పుడూ మింగుడుపడదు. మన దేశంలో థర్మల్ స్టేషన్ కట్టాలంటే పర్యావరణ ప్రభావం అంచనా వేయాలి, ఊళ్ళో బహిరంగ విచారణ పెట్టాలి. 2006 నోటిఫికేషన్ ప్రకారం గాలి ప్రాజెక్టులకు ఆ నియమం లేదు. పొగ లేని కరెంటు గదా అని వదిలేశారు. పొగ లేనంత మాత్రాన వాగు మీద, మేత మీద ప్రభావం లేకుండా పోదు. గాలి కరెంటు అంటే ఇష్టం ఉన్నవాళ్ళే ముందుగా ఈ మాట అడగాలని నా పట్టుదల. ఈ బిల్లు చిన్నది, నిజమే. కానీ బొగ్గు పొగ దేశమంతా పంచుకుంటుంది, గాలిమర బిల్లు ఒక గుట్ట, ఒక మేకల మంద, ఒక అరుదైన పిట్ట మీదే పడుతుంది. చిన్న బిల్లు పేదవాడొక్కడి చేతిలోనే పెడితే అది వాడికి పెద్దదే.

పైగా గాలిమర బిల్లుల్లో చాలావాటిని తగ్గించే దారి ఉంది. బొగ్గు మండితే కార్బన్ డయాక్సైడ్ రాకుండా ఆపడం చాలా కష్టం, గాలిమరను పక్షుల దారి నుంచి పక్కకు పెట్టడం అంత కష్టం కాదు. నార్వేలో స్మోలా అనే దీవిలో మూడు రెక్కల్లో ఒకదానికి నల్ల రంగు పూస్తే పక్షుల చావులు నూటికి 70 దాకా తగ్గాయని 2020లో తేలింది. అది కొద్ది గాలిమరల మీద చేసిన పరీక్షే, అన్ని చోట్లా అంత ఫలితం వస్తుందని చెప్పలేం గానీ, ఒక డబ్బా రంగు ఖర్చు గదా! గబ్బిలాలు గాలి తక్కువున్న రాత్రుళ్ళు ఎక్కువ ఎగురుతాయి. ఆ వేళల్లో గాలిమరను ఆపేస్తే వాటి చావులు సగం దాకా తగ్గుతాయి, పోయే కరెంటు చాలా తక్కువ. రోడ్డు వేసేటప్పుడే వాగు దారి వదిలితే మట్టి జారదు. మైదానంలో పత్తి చేలు, వేరుశనగ చేల మధ్య పెడితే స్తంభం కిందా రోడ్డు కిందా పోయే నేల తప్ప మిగతా అంతా సాగులోనే ఉంటుంది.

ముసలి రెక్కల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. గాజునార, జిగురు కలిసి గట్టిపడ్డ సరుకు కరగదు, విడదీయడం కష్టం. 1980ల్లో ఓఖా దగ్గర పెట్టిన గాలిమరలు 55 కిలోవాట్ల పిల్లలు, ఇప్పటివాటి రెక్క ఒక్కటే యాభై, అరవై మీటర్లు. దేశంలో గాలి కరెంటు సామర్థ్యం 2025లో 50 వేల మెగావాట్లు దాటింది. ఇవన్నీ ముసలివయ్యేసరికి రెక్కలను సిమెంటు బట్టీల్లో వాడతారో, కొత్త రకం జిగురుతో కరిగే రెక్కలు వస్తాయో చూడాలి. కుప్పలు పడకముందే ఆ ఏర్పాటు జరగాలి.

మరి గాలి ఆగినప్పుడో అంటావు. ఆగుతుంది. కానీ గుజరాత్‌లో గాలి వానాకాలంలో విజృంభిస్తుంది, సరిగ్గా మబ్బులు పట్టి సోలార్ నీరసించే నెలల్లో. ఒకదాని లోటు ఇంకొకటి కొంత పూడుస్తుంది. మిగిలిన లోటుకు ఉకాయి నీళ్ళు, బ్యాటరీలు కావాలి, ఇప్పటికైతే బొగ్గే ఎక్కువ పూడుస్తోంది.

నీ రెండో ప్రశ్న ఇంకా మిగిలింది. మన పల్సానా మిల్లుల గొట్టాల్లోంచి వచ్చే పొగను గాలిమరలు ఆపలేవా? ఇది ఎవరూ తేల్చి చెప్పరు, చెబుతా విను. సాంచె నడవడానికి కరెంటు కావాలి, అది గాలిది కావచ్చు, ఏదైనా కావచ్చు. రంగుల మిల్లుకు కావాల్సింది వేడి. పాలిస్టరు గుడ్డ రంగు పట్టాలంటే జెట్ మిషన్‌లో ఒత్తిడి కింద 130 డిగ్రీల నీళ్ళుండాలి. స్టెంటర్ అనే మిషన్‌లో గుడ్డ కొలత నిలవడానికి 180, 200 డిగ్రీలు. ఆ వేడి మిల్లులోనే బాయిలర్‌లో బొగ్గు కాల్చి తెస్తారు. మన చుట్టూ ఉన్న పొగ థర్మల్ స్టేషన్‌ది కాదు బిడ్డా, ఆవిరిది.

ఆ వేడిని గాలి కరెంటుతో తెస్తే? ఒక టన్ను ఆవిరికి సుమారు 700 యూనిట్లు కావాలి. గంటకు పది టన్నుల ఆవిరి చేసే బాయిలర్‌కు గంటకు 7,000 యూనిట్లు. ఇందాకటి గాలిమర ఏడాదికి 50 లక్షల యూనిట్లంటే సగటున గంటకు 570. అంటే ఒక్క బాయిలర్‌కు డజను గాలిమరలు! అసాధ్యం కాదు గానీ ఈవేళ్టి ధరలకు బొగ్గే చవక. అందుకే సూరత్‌లో 2019లో ఇంకో దారి పట్టారు. సుమారు 300 ఫ్యాక్టరీల గొట్టాలకు పొగలోని ధూళిని ఎప్పటికప్పుడు కొలిచే పరికరాలు పెట్టి, సగం ఫ్యాక్టరీలకు ధూళి కోటా ఇచ్చి, మిగిలిన కోటా అమ్ముకోవచ్చన్నారు. ధూళి మీద ఇట్లాంటి సంత ప్రపంచంలో ఇదే మొదటిదంటారు. సంతలో ఉన్న ఫ్యాక్టరీల ధూళి మిగతావాటికంటే నూటికి 20 నుంచి 30 పాళ్ళు తగ్గింది. ధూళి తగ్గింది గానీ బొగ్గు కాలుతూనే ఉంది, కార్బన్ డయాక్సైడ్ వస్తూనే ఉంది.

దాన్ని తగ్గించాలంటే ముందు వేడి దుబారా ఆపాలి. రంగు పని అయ్యాక జెట్ మిషన్లు ఖాళీ చేసినప్పుడు మిల్లు కాలవలో పొగలు కక్కుతూ పోయే నీళ్ళు ఉంటాయి చూడు, అందులో చేయి పెట్టలేం, అంత వేడి. ఆ మురికి నీళ్ళను ఒక గొట్టంలో, మంచి చల్లనీళ్ళను దాని చుట్టూ ఇంకో గొట్టంలో ఎదురెదురుగా పంపితే, రెండూ కలవకుండానే వేడి ఇటునుంచి అటు ఎక్కుతుంది. 30 డిగ్రీల నీళ్ళకు బదులు 60 డిగ్రీల నీళ్ళు మిషన్‌లోకి పోతే, 130కి చేర్చడానికి వంద డిగ్రీలకు బదులు 70 డిగ్రీలు వేడిచేస్తే చాలు. నీళ్ళు కాచే పనిలో బొగ్గు మూడో వంతు దగ్గర మిగిలినట్టే. బాయిలర్‌కు కావాల్సిన డజను గాలిమరల్లో కూడా కొన్ని తగ్గుతాయి.